బడి దూరం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సమాన విద్య కోసం జరిగిన ప్రయత్నాలు

దక్షిణ రాయలసీమలో, అంటే ఒకప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, పేద పిల్లలకూ దళిత, గిరిజన వాడల పిల్లలకూ సర్కారు బడి అందరితో సమానంగా అందాలని జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఇది ఏనాడూ ఒకే జెండా కింద నడిచిన ఉద్యమం కాదు. మిషన్ దొరలు, సంస్కర్తలు, ఉపాధ్యాయ సంఘాలు, కథకులు, స్వచ్ఛంద సంస్థలు, న్యాయస్థానాలు, పేరు ఎక్కడా నమోదు కాని తల్లులు ఎవరికి అందిన కొస వాళ్ళు పట్టుకుని లాగారు. లాగినవన్నీ ఒకచోటికి చేర్చి చూస్తే అందరూ తగ్గించాలని చూసింది ఒక్కటే అనిపిస్తుంది: పిల్లవాడికీ బడికీ నడుమ ఉన్న దూరం. కాలం మారేకొద్దీ ఆ దూరం వేషం మార్చింది. మాలవాడకూ ఊరిబడికీ మధ్య నాలుగు వందల గజాలే ఉన్నా దాటలేని రోజులుండేవి. ఇప్పుడు ఊరి బడికి తాళం పడి, మూడో తరగతి పిల్ల హైవే దాటి పక్క ఊరికి పోవలసిన రోజులు వచ్చాయి.

ప్రాంతం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపు తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వైపు తాలూకాలు కలిపి దీన్ని కూర్చారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మీద పటాస్కర్ చేసిన సిఫారసు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న 66 మండలాల ఉమ్మడి జిల్లాను విభజించి తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాలకు పంచారు. ఆ పంపకంలో నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరాయి.

2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జనాభా 41.74 లక్షలు, అక్షరాస్యత 71.5 శాతం. రాష్ట్ర సగటు కన్నా ఇది మెరుగే. అయితే మగవారిలో నూటికి దాదాపు 80 మంది చదవగలిగితే ఆడవారిలో 63 మందే చదవగలిగారు. సగటు అంకె ఈ సీమను సరిగా చూపదు. తిరుపతి పట్టణాన్నీ, కుప్పం కొండల్లోని రాతి క్వారీ కూలీల పల్లెనూ, శ్రీకాళహస్తి వైపు యానాది గిరిజనుల కాలనీనీ కలిపి తీసిన సగటు అది.

తిరుపతికి విద్యానగరమన్న పేరు ఊరికే రాలేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో, ఐఐటీ, ఐసర్ 2015లో వచ్చాయి. సంస్కృత, వేద, పశువైద్య విశ్వవిద్యాలయాలు కూడా ఇక్కడే ఉన్నాయి. రాయలసీమ నాయకులు పై చదువుల కోసం గట్టిగా అడిగారు, కోస్తా నాయకులతో కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోనే విశ్వవిద్యాలయ కేంద్రం షరతు పెట్టించుకున్నారు. మొదటి మెట్టు గురించి, అంటే ఊరి ప్రాథమిక బడి గురించి, అంత గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో కనిపించే మనుషులు ఆ తక్కువమందిలోని వాళ్ళు.

గడప దాటడం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో అన్ని జిల్లాల కలెక్టర్లను బడుల లెక్కలు అడిగాడు. ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు కలెక్టరు కచేరీ చిత్తూరులోనే ఉండేది. 1826లో మన్రో తేల్చిన మొత్తం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. 67 మంది జనానికి ఒక్కరు బడిలో ఉన్నారన్నమాట. ఈ వీధిబడుల గురించి గొప్పగా చెప్పుకునేవారున్నారు, చెప్పుకోవలసిందీ కొంత ఉంది. కానీ కలెక్టర్లు కులాలవారీగా నింపిన ఆ పట్టికలు చదివితే ఎవరి పిల్లలు లోపల ఉన్నారో, ఎవరి పిల్లల ఊసే లేదో తెలిసిపోతుంది.

ఆ ఊసు మొదట ఎత్తినవాళ్ళు క్రైస్తవ మిషన్ల వాళ్ళు. అమెరికన్ ఆర్కాటు మిషన్ చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, పుంగనూరు వైపు పనిచేసింది. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1860లలో సూళ్ళూరుపేటలో మొదలై తిరుపతి, శ్రీకాళహస్తి దాకా విస్తరించింది. మతం కోసం పెట్టిన బడులే అయినా, పంచముల, అంటే దళితుల, పిల్లలు అరుగు మీద కాకుండా గదిలో కూర్చుని అక్షరాలు దిద్దింది చాలా ఊళ్ళలో వాటిలోనే. 1920 తరువాత మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ దళితుల కోసం విడిగా బడులు తెరిచింది. తలుపు తెరుచుకుంది గానీ వేరే తలుపు. విడిబడి మంచిదా, ఊరిబడిలోకే దూరాలా అన్న ఆనాటి తర్జనభర్జన ఈనాటి సంక్షేమ హాస్టళ్ళ దాకా తెగలేదు.

చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిని ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతిగా అందరూ గుర్తుపెట్టుకుంటారు. అంతకు ముందు మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు ఆయన మామూలు బడుల్లోనే పంచముల పిల్లలను చేర్చుకోవాలని నిలబడ్డ సంగతి తక్కువమందికి తెలుసు. విమర్శకుడిగా వచ్చిన పేరు విద్యాధికారిగా చేసిన పనిని మింగేసింది.

తిండి సంగతీ బడి దూరంలో భాగమే. మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడైన పి. త్యాగరాయ చెట్టి 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించాడు. ఆయనది తెలుగు కుటుంబమే. కామరాజ్ 1956లో దాన్ని మద్రాసు రాష్ట్రమంతా పరిచాడు. అప్పటికి మూడేళ్ళ ముందే చిత్తూరు ఆంధ్ర రాష్ట్రంలో చేరిపోయింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, 2003 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో అది నిలకడగా సాగుతోంది. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరు ఏదైనా వండేది ఊరి మహిళలే. బిల్లులు ఆగితే అప్పు చేసి పప్పు తెచ్చేదీ వాళ్ళే. సమాన విద్య గురించి రాసే వాళ్ళు ఈ వంటవాళ్ళను తరచూ మరిచిపోతారు.

ఒక ఐవోరు, ఐదు తరగతులు

ఈ సీమ నుంచి బయటి ప్రపంచానికి వెళ్ళిన అసలైన ఆలోచన ఒకటి ఉంది. అది మదనపల్లెకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, కురబలకోట మండలంలో పుట్టింది.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926 ప్రాంతంలో అక్కడి లోయలో ఒక పెద్ద మర్రిచెట్టు చుట్టూ స్థలం ఎంచుకున్నాడు. అక్కడ వెలసిన రిషివ్యాలీ పాఠశాల దేశమంతటి నుంచీ ఉన్నవాళ్ళ పిల్లలు వచ్చి చదివే చోటు. దాని ప్రహరీ అవతల ఉన్నవి వేరుశనగ, టమోటా పండించుకునే మెట్ట పల్లెలు. 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఆ పల్లెల్లో చిన్న చిన్న బడులు తెరవడం మొదలుపెట్టారు. కాలక్రమంలో అవి పదికి పైగా అయ్యాయి.

వాళ్ళ ముందున్న చిక్కు ఏకోపాధ్యాయ పాఠశాల. ముప్పయి, నలభై మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక గది, ఒక ఐవోరు, అంటే టీచరు. పాఠ్యపుస్తకం రాసినవారు ఒక తరగతికి ఒక టీచరు ఉన్నట్టూ, ఆ తరగతి పిల్లలంతా ఒకే రోజు ఒకే పేజీలో ఉన్నట్టూ ఊహించుకుని రాస్తారు. పల్లెలో అట్లా జరగదు. చెనిక్కాయలు పీకే రోజుల్లో పిల్ల పది దినాలు చేనికి పోతుంది. తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. ఇంకో పది దినాలు అర్థం కాక కూర్చుంటుంది. తరువాత రాదు. బడి మానేసిన పిల్లల జాబితాలో ఆ పిల్ల పేరెదురుగా ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రాస్తారు.

రావు దంపతులు పుస్తకాన్ని విప్పి కార్డులు చేశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య. కొత్త విషయం చెప్పే కార్డు, సాధన చేయించేది, పరీక్షించేది, వెనకబడితే ఊతమిచ్చేది, ముందుకు పోయినవాడికి ఇంకాస్త పని ఇచ్చేది అని రకాలు. ఆ కార్డుల వరుస మొత్తం గోడ మీద నిచ్చెనలాగా వేలాడుతుంది. అక్షరాలు పూర్తిగా రాని పిల్లకూ తాను ఏ మెట్టు మీద ఉందో ఆ బొమ్మను బట్టి తెలుస్తుంది. పది దినాల తరువాత వచ్చినా ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. కొందరు ఐవోరి దగ్గర కూర్చుంటారు, కొందరు తోటి పిల్లలతో, కొందరు ఒంటరిగా. ఈ సామగ్రినంతా పెట్టెలో సర్ది ఇవ్వడంతో దీనికి ‘పెట్టెలో బడి’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల పేరు స్థిరపడింది.

ఈ పద్ధతిలో సాంకేతికం కన్నా ముఖ్యమైనది దాని చూపు. పిల్ల గైర్హాజరును తప్పుగా కాక వాతావరణంలాగా, ఉండే సంగతిగా, లెక్కలోకి తీసుకున్నారు. ఊరి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేశారు. తల్లులను బడికి రప్పించి కథలు చెప్పించారు. మెట్రిక్ మేళా పేరుతో పిల్లల చేత అంగళ్ళు పెట్టించి తూకాలు, కొలతలు నేర్పారు. ఇదంతా పెద్ద ఖర్చు లేకుండానే చేశారు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్ళారు. కర్ణాటకలోని ‘నలి కలి’ అట్లా మొదలైంది. 2003లో చెన్నై నగర బడుల్లో మొదలై తమిళనాడంతా పాకిన కృత్యాధార బోధనకు కూడా వేరు ఇక్కడిదే. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం వారు వచ్చి అధ్యయనం చేశారు. 2009లో ఆ దంపతులకు ష్వాబ్ ఫౌండేషన్ వారి సామాజిక వ్యవస్థాపకుల పురస్కారం వచ్చింది. తమిళనాడులో, కర్ణాటకలో రాష్ట్ర విధానమైన పద్ధతికి సొంత జిల్లా సర్కారు బడుల్లో ఆ స్థానం దక్కలేదన్నది ఈ కథలో ముల్లులాగా గుచ్చుకునే సంగతి. కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో తరాల తరబడి టీచర్లు తయారయ్యారు. పొరుగు రాష్ట్రాలు నేర్చుకున్నంత శ్రద్ధగా ఇంటివాళ్ళు నేర్చుకోలేదు. ఇంకో మాట కూడా ఉంది. ఏకోపాధ్యాయ బడిని ఎట్లా నడపాలో చెప్పే పద్ధతి గొప్పదే, కానీ రెండో ఐవోరిని వేయకుండా తప్పించుకోవడానికి ప్రభుత్వాలకు అది సాకు కాకూడదని ఉపాధ్యాయ సంఘాలు పట్టుబట్టాయి. ఆ పట్టుదలలో న్యాయముంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండి తీరాలి.

మిగతా సంస్థల గురించి క్లుప్తంగా. తిరుపతి కేంద్రంగా 1981లో గుత్తా మునిరత్నం స్థాపించిన ‘రాస్’ బాలవాడీలు, బాలకార్మికుల ప్రత్యేక బడులు నడిపింది. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలో 172 ఎకరాల ఆవరణలో అగస్త్య ఫౌండేషన్ సర్కారు బడి పిల్లలకు ప్రయోగాలు చేసి చూపిస్తోంది, దాని వ్యాన్లు ఊళ్ళకే పోతాయి. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బధిర పాఠశాల, బాలమందిరం దిక్కులేని పిల్లలకు, వినికిడి లేని పిల్లలకు చాలాకాలంగా ఆసరా. కొండకు వచ్చే యాత్రికుల రద్దీలో తప్పిపోయిన, ఇల్లు వదిలి రైలెక్కిన పిల్లలు చేరే ఊరు కనుక తిరుపతికి ఈ రకం ఆశ్రయం తప్పనిసరి.

కథకుల వంతు

ఈ సీమలో సర్కారు బడి పక్షం వహించిన గట్టి గొంతులు కొన్ని సాహిత్యంలో ఉన్నాయి. మధురాంతకం రాజారాం (1930–1999) దామలచెరువు ప్రాంతంలో బడిపంతులుగా పనిచేస్తూనే కథలు రాశాడు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. బీద టీచరు, బీద విద్యార్థి ఆయన కథల్లో జాలి పాత్రలుగా కాక ఆత్మగౌరవం ఉన్న మనుషులుగా వస్తారు.

తిరుపతి పక్కన మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రమణ్యం నాయుడిది వేరే దారి. ‘మిట్టూరోడి కథలు’, ‘సినబ్బ కథలు’ రాసిన ఈయన ‘చదువులా? చావులా?’, ‘ఇస్కూలు పుస్తకం’ రాసి ప్రైవేటు చదువుల మోజును తిట్టిపోశాడు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషలో లెక్కలైనా చెప్పవచ్చునని చూపడానికి బడులు తిరిగాడు. ఆయన కోపం కొన్నిచోట్ల హద్దు మీరుతుంది, పల్లె తల్లి కాన్వెంటు మీద పెట్టుకున్న ఆశలో కూడా న్యాయముందన్న సంగతి ఆయనకు కొంచెం తక్కువగా కనిపిస్తుంది. అయినా చిత్తూరు యాసలో ఇస్కూలు గురించి అంత సూటిగా మాట్లాడినవాళ్ళు మరొకరు లేరు.

హక్కు, దాని లెక్క

రాజ్యాంగం 45వ అధికరణం 1960 నాటికల్లా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలని చెప్పింది. ఆ గడువు దాటిన ముప్పయి మూడేళ్ళకు, 1993 ఫిబ్రవరి 4న, సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ప్రధాన తీర్పు రాసినవారు తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి. విచిత్రమేమిటంటే అసలు కేసు వచ్చింది పేద పిల్లల కోసం కాదు, ఇంజనీరింగు, మెడికల్ కాలేజీల కాపిటేషన్ ఫీజుల గురించి. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు అనే వరుస అంతా అక్కడి నుంచే సాగింది.

ఆ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు దూరాన్ని అంకెల్లో పెట్టాయి. ఒక కిలోమీటరులో ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్లలో ప్రాథమికోన్నత బడి. బడి నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు. కాగితం మీద ఇది తల్లి చేతికి ఇచ్చిన తాళంచెవి. చాలా ఊళ్ళలో సర్పంచి మనిషి చెప్పినచోట వేలిముద్ర వేసే సంఘంగా మారింది. టీచర్లకు శాసనమండలిలో సొంత నియోజకవర్గముంది. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయ స్థానం నుంచి గెలిచిన విఠపు బాలసుబ్రహ్మణ్యం లాంటివారు సర్కారు బడి గొంతును సభలో వినిపించారు. తల్లిదండ్రులకు అటువంటి స్థానమేదీ లేదు.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండేళ్ళు నిద్రపోయింది. హైకోర్టు గట్టిగా చెప్పాక 2022–23లో కదిలింది. అనాథలు, వికలాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీనవర్గాలకు 6 అని పంచారు. అసలు తగాదా ఫీజు దగ్గర వచ్చింది. ప్రభుత్వమే బడికి చెల్లించాలన్నది చట్టం ఉద్దేశం. తల్లికి వచ్చే అమ్మ ఒడి డబ్బులోంచి కట్టాలన్నది అప్పటి ఉత్తర్వు.

అమ్మ ఒడి మొదలైంది చిత్తూరులోనే, 2020 జనవరి 9న. పిల్లను బడికి పంపే తల్లికి ఏటా 15,000 రూపాయలు అన్నారు. సర్కారు బడికైనా ప్రైవేటు బడికైనా ఇస్తామన్నారు. దీని మీద ఉపాధ్యాయ సంఘాల అభ్యంతరం ఒక్కటే: ఊరి బడికి రావలసిన డబ్బు తల్లి చేతి మీదుగా కాన్వెంటు గల్లాపెట్టెలో పడుతోంది. తల్లుల జవాబు కూడా ఒక్కటే: మా చేతికి డబ్బు రావడం ఇదే మొదటిసారి. 2025 జూన్‌లో తల్లికి వందనంగా మారిన పథకంలో ఇంట్లో చదివే పిల్లలందరికీ ఇస్తున్నారు. దళిత, గిరిజన పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు బడుల్లో చదివించే ‘బెస్ట్ అవైలబుల్ స్కూల్స్’ పథకం అంతకు ముందే ఉండేది. ఉన్నవాటిలో మంచి బడి తనది కాదని ప్రభుత్వం సొంత నోటితో ఒప్పుకున్న పేరది.

ఏరి కోరి తీసుకునే గురుకులాల సంగతీ ఇంతే. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతి ఈ సీమకు గ్యారంపల్లె గురుకులంగా వచ్చింది, మదనపల్లె దగ్గర వలసపల్లెలో నవోదయ వెలిసింది. కూలివాళ్ళ పిల్లలు ఆఫీసర్లయ్యారు. ప్రవేశపరీక్షలో తప్పిన పిల్లలు మాత్రం అదే ఊరిబడిలో మిగిలారు. 1964–66 నాటి కొఠారి కమిషన్ చెప్పిన ఉమ్మడి బడి పద్ధతిని, అంటే కలెక్టరు పిల్లా కూలివాని పిల్లా ఒకే పేటలోని ఒకే బడికి పోవడాన్ని, ఇప్పటికీ అడుగుతున్నది విద్యా పరిరక్షణ కమిటీ, 1974లో పుట్టిన ఉపాధ్యాయ సంఘం యు.టి.ఎఫ్. వంటివి కొన్నే.

విలీనం

2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో ఈ సీమ పల్లెల్లో బడి గురించిన మాటను ఇంటింటికీ తెచ్చింది. కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాల ఉంటే ప్రాథమిక బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులు అక్కడికి పోవాలన్నారు. ఊళ్ళో ఒకటి, రెండు తరగతులే మిగులుతాయి. ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. ఐదు తరగతులకు ఒక ఐవోరు ఉన్నచోట చదువు రాదు, ఉన్నత పాఠశాలలో సబ్జెక్టుకొక టీచరు ఉంటాడు, 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు బడుల బాగు పథకం కింద అక్కడ గదులూ మరుగుదొడ్లూ బాగుపడ్డాయి.

కానీ కిలోమీటరు కాగితం మీద కొలిచింది. కాగితం మీద వంక ఉండదు, పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు మీద లారీలుండవు, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున పంటల మీదికి దిగే ఏనుగులూ ఉండవు. ఎనిమిదేళ్ళ అక్క పక్క ఊరికి పోతే ఆరేళ్ళ తమ్ముణ్ణి ఎవరు పిలుచుకుపోవాలి? కూలికి పోయే తల్లికి ఇది లెక్కలో చివరి అంశం కాదు, మొదటిది. రాష్ట్రమంతటా ఆ జూలైలో తల్లిదండ్రులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. కొందరు టీసీ తీసుకుని ప్రైవేటు ఆటో ఎక్కించారు. పిల్లలు తగ్గారని బడి విలీనం చేస్తే, విలీనం చేశారని పిల్లలు ఇంకా తగ్గారు.

2025లో ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల బడులతో కొత్త ఏర్పాటు తెచ్చారు. పిల్లలు బాగా ఉన్నచోట తరగతికొక టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. అదే ఏడు 16,347 టీచరు పోస్టులకు డీఎస్సీ నియామక పరీక్ష జరిగింది. పిల్లలు తక్కువున్న ఊళ్ళ సంగతికి వస్తే మళ్ళీ ఆ పాత ఏకోపాధ్యాయుడే.

ఏ భాషలో

చిత్తూరు సరిహద్దు జిల్లా. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం, మదనపల్లె, పుంగనూరు, వాయల్పాడులో ఉర్దూ ఇళ్ళలో వినిపిస్తాయి. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో ఏర్పాటు చేయాలని 350ఏ అధికరణం 1956 నుంచి చెబుతోంది. ఆ బడులు ఉన్నాయి, కానీ టీచరు రిటైరైతే ఆ మాధ్యమంలో కొత్తవారు రావడానికి ఏళ్ళు పడుతుంది. రాష్ట్రాల గీత గీసిన రోజున ఆ పిల్లల అవ్వాతాతలను ఎవరూ అడగలేదు.

2019 నవంబరులో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమం చేస్తామన్నప్పుడు వాదం రెండుగా చీలింది. మాతృభాషలోనే చదువు బాగా వస్తుందని పండితులు, ఉన్నవాళ్ళ పిల్లలకు ఇంగ్లీషూ మా పిల్లలకు తెలుగూనా అని దళిత సంఘాలు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. తరువాత జరిపిన అభిప్రాయ సేకరణలో 96.17 శాతం తల్లిదండ్రులు ఇంగ్లీషే కోరారని ప్రభుత్వం చెప్పింది. ఈ వ్యాసకర్తకు రెండు పక్షాలూ ఒక మాట దాటవేసినట్టు అనిపిస్తుంది. ఇంగ్లీషులో చెప్పగల టీచరును ముందు తయారు చేసి, పుస్తకం తరువాత మార్చాలి. జరిగింది తలకిందులుగా. తెలుగులోనే చదువుతామన్న పిల్లలకు మండల కేంద్రంలో ఒక బడి నడుపుతామనీ, పోయి వచ్చే ఖర్చు ఇస్తామనీ ప్రభుత్వం చెప్పింది. తెలుగు నేల మీద తెలుగు బడికి పోవడానికి దారిఖర్చు.

పట్టీలో లేని పేర్లు

దూరం ఇప్పటికీ తరగనిది యానాదులకు. స్వర్ణముఖి, కాళంగి నదుల వెంబడి, శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్ళూరుపేట మండలాల్లో వాళ్ళ కాలనీలున్నాయి. ఇటుక బట్టీలకు, చేపల చెరువుల కాపలాకు, బాతులు మేపడానికి కుటుంబాలు కదిలిపోతాయి. పిల్లల పేర్లు జూన్‌లో హాజరు పట్టీలో ఉంటాయి, సంక్రాంతికి మనుషులు తిరువళ్ళూరు వైపు బట్టీల్లో ఉంటారు. కులం సర్టిఫికెట్టు, ఆధార్ లేని ఇళ్ళు ఇంకా కనిపిస్తాయి. కాగితం లేకపోయినా బడిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెప్పినా, పథకం సొమ్ము, హాస్టలు సీటు కాగితం అడుగుతాయి. వలసపోయే వారి పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళ ఏర్పాటు ఉంది. ఊళ్ళో ఎవరో ఒకరు నమ్మకంగా ఉండి పిల్లలను చూసుకుంటారంటేనే తల్లి వదిలిపోతుంది.

2025 మేలో సత్యవేడు ప్రాంతంలో ఒక కేసు బయటపడింది. చిన్న అప్పుకు తనఖాగా బాతుల కాపలాకు ఉంచుకున్న తొమ్మిదేళ్ళ యానాది బాలుడు చనిపోతే కంచి దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిపెట్టారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిది. విద్యాహక్కు చట్టానికి అప్పటికి పదిహేనేళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఉండవలసింది నాలుగో తరగతిలో.